బీరువాలో ఫోను గుంటల కాడికి ఎట్టా పోయిందంటే

మా నాయన ఫోను రొయ్యల గుంటలో పడింది. నీళ్ళకి గాలి కొట్టే ఏరేటర్ తాడు లాగతా వంగినప్పుడు చొక్కా జేబులోంచి జారి నీళ్ళలోకి పోయిందంట, వెతికి బయటికి తీసి రెండ్రోజులు బియ్యం డబ్బాలో పెట్టారు, బియ్యానికి ఉప్పునీళ్ళ వాసన పట్టింది గానీ ఫోను మాత్రం లేవలా. మాది విడవలూరు మండలం, వనామీ రొయ్యలు. ఆయనకి ఫోనంటే మాట్లాడేది ఒక్కటే కాదు, పొద్దున మేత ఎంత మిగిలిందో చూసే చెక్ ట్రే ఎత్తి ఫోటో తీసి టెక్నీషియన్‌కి వాట్సాప్‌లో పంపాల, రేటు ఎంతుందో చూడాల, మేత షాపుకి డబ్బులు కొట్టాల.

కొత్తది కొనిస్తానంటే ఒప్పుకుంటేనా, "పోయిన పంట బాకీ ఇంకా తీరకముందే నాకు సోకులు గావాల్నా" అన్నాడు. అప్పుడు గుర్తొచ్చింది నెల్లూర్లో మా ఇంట్లో బీరువాలో నా పాత ఫోను పడుందని. వన్‌ప్లస్ 6, 2018లో కొన్నా, స్నాప్‌డ్రాగన్ 845, 6 జీబీ ర్యామ్, అప్పట్లో నా జీతానికి అది పెద్ద మాటే. దానికి ఏ రోగమూ లేదు నిజానికి. కాకపోతే ఆండ్రాయిడ్ 8.1తో వచ్చి 11 దగ్గర ఆగిపోయింది, సాఫ్ట్‌వేర్లో బొక్కలు పూడ్చే సెక్యూరిటీ ప్యాచ్ చూస్తే 2021ది. నేనైతే పాటలు వినడానికి అట్నే పెట్టుకుంటా, కానీ ఆయన పంట డబ్బులన్నీ అందులోంచే తిరుగుతాయి, ఎవుడు ఏ లింకు పంపినా నొక్కే మనిషి, ఇన్నేళ్ళ పాత సాఫ్ట్‌వేర్‌తో ఇవ్వాలంటే నాకు మనసొప్పలా.

కాలేజీ రోజుల్లో కంపెనీ ఇచ్చిన ఆండ్రాయిడ్ తీసేసి దాని బదులు సయనోజెన్‌మోడ్ అని ఒకటి ఫోన్లలో ఎక్కించుకునేవాళ్ళం, గుర్తుండే వాళ్ళకి గుర్తుండే ఉంటది. 2016 డిసెంబర్లో దాని వెనక కంపెనీ మూసేస్తే అదే కోడ్ తీసుకుని లీనేజ్‌ఓఎస్ మొదలుపెట్టారు. గూగుల్ బయటపెట్టే ఆండ్రాయిడ్ సోర్స్ కోడ్‌నే తీసుకుని ఒక్కో మోడల్‌కి తగ్గట్టు వాలంటీర్లు కుడతారు, టైలర్ కొలతలు తీసినట్టు. ప్రతి ఫోనుకీ ఒక ముద్దుపేరు ఉంటది, నా ఫోనుది ఎంచిలాడా. ఆ పేరు లిస్టులో ఉందా, దానికి కొత్త వెర్షన్ వస్తా ఉందా, ఈ రెండే ముందు చూడాల్సింది. ఉంది, లీనేజ్ 22, అంటే ఆండ్రాయిడ్ 15. పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ కూడా చూసా, ఫోను పదేళ్ళు బతకాలనే పట్టుదలతో 2017లో మొదలైంది, ఆండ్రాయిడ్ కాదు, ఆల్పైన్ లైనక్స్ మీద నడుస్తది, మా ఫోను మీద బాగానే పనిచేస్తది కూడా. కానీ అది నాలాంటోళ్ళు సెలవురోజు కెలుక్కోడానికి, చెక్ ట్రే ఫోటో వాట్సాప్‌లో పంపే మనిషికి కాదు.

ముందు బ్యాటరీ మార్పించా. అందరూ ఈ పని ఆఖర్న పెట్టుకుంటారు, నన్నడిగితే ముందే చెయ్యాల, సగంలో ఫోను చచ్చిపోతే ఏడుపు మనదే. ఇది 40% నుంచి ధబీమని 5%కి పడిపోయేది. మద్రాస్ బస్టాండ్ దగ్గర ఒక చిన్న షాపులో ఇచ్చా, ఆ అబ్బాయి వెనకాల అద్దం వేడిచేసి ఊడదీస్తా "అన్నా, ఈ డబ్బులు పెట్టే బదులు ఎక్స్చేంజ్‌కి ఇచ్చేస్తే పోలా" అని మూడుసార్లన్నాడు, మూడోసారి నేను గమ్మునుండిపోయా.

ఆదివారం నాయన మందుల కోసం నెల్లూరొచ్చాడు, ఆయన ఎదురుగానే కూర్చున్నా. సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు కొడితే డెవలపర్ ఆప్షన్స్ వస్తాయి, అందులో ఓఈఎం అన్‌లాకింగ్, యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చెయ్యాల. తర్వాత బూట్‌లోడర్ అన్‌లాక్, అంటే వేరే సాఫ్ట్‌వేర్ ఎక్కకుండా కంపెనీ వేసిన తాళం తియ్యడం, దాంతో ఫోన్లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతది. ఫోటోలు కాపీ చేసా, వాట్సాప్ ఫోల్డర్ కాపీ చేసా, కాంటాక్టులు సరే. నోట్స్ యాప్ మర్చిపోయా. అందులో మా ఆవిడ పాత పాలలెక్క, చీటీ లెక్క రాసుకోనుండిందంట, ఆ సంగతి అన్‌లాక్ అయిపోయినాక చెప్పింది, ఆ రోజు మధ్యాన్నం కూర పళ్ళెంలోకి కాస్త గట్టిగానే పడింది.

కంప్యూటర్ నుంచి ఫోనుకి ఆర్డర్లేసే ప్లాట్‌ఫామ్ టూల్స్ దించుకుని అందులోని ఏడీబీ కమాండ్ కొడితే ఫోను కనపడింది, అక్కడికి సంతోషం. ఫాస్ట్‌బూట్‌లోకి, అంటే ఆండ్రాయిడ్ లేవకముందు ఉండే మోడ్‌లోకి, పోయాక మాత్రం కంప్యూటర్లో నల్ల స్క్రీను మీద వెయిటింగ్ ఫర్ ఎనీ డివైస్ అని ఒకటే లైను, కదల్దు మెదల్దు. గంటన్నర పోయింది ఇక్కడ. డ్రైవర్ తీసి మళ్ళీ వేసా, పోర్టు మార్చా, రీస్టార్ట్ చేసా. ఆఖరికి ఒక పక్క విండోస్ అప్డేట్స్‌లో ఆప్షనల్ అప్డేట్స్ కింద ఒక ఆండ్రాయిడ్ డ్రైవర్ దొరికింది, ఇంకో పక్క కేబుల్ కూడా మార్చా, రెంట్లో ఏది పనిచేసిందో ఇప్పటికీ చెప్పలేను. ఇంకో మాట, కొన్ని కేబుల్స్ ఒట్టి ఛార్జింగ్‌వే, డేటా పోదు, ముందు అది చూసుకోండి.

అన్‌లాక్ అయ్యాక లీనేజ్ వాళ్ళ రికవరీ, అంటే కొత్త సిస్టమ్‌ని ఎక్కించే చిన్న సాఫ్ట్‌వేర్, ఫోన్లోకి ఎక్కించి అందులోకి పోవాల. ఈ ఫోన్లో సిస్టమ్‌కి రెండు స్లాట్లుంటాయి, ఎ ఒకటి బి ఒకటి, గుంట దగ్గర రెండు మోటార్లు పెట్టుకుంటామే, ఒకటి నడుస్తుంటే ఇంకోటి రెడీగా ఉంటది, అట్టా. రెండో స్లాట్‌లో పాత ఫర్మ్‌వేర్, అంటే ఫోను లోపలి భాగాల్ని నడిపే కంపెనీ సాఫ్ట్‌వేర్, మిగిలుంటే ఇబ్బంది గనక ముందు కాపీ పార్టిషన్స్ అని ఒక చిన్న జిప్ పంపిస్తే రెండూ సమానం అవుతాయి. దాన్ని చాలామంది ఎగ్గొట్టేస్తారు, ఎగ్గొట్టొద్దు. అట్టాగే ఫోను అప్పటికే కంపెనీ ఇచ్చిన ఆఖరి ఆండ్రాయిడ్ 11 మీద ఉండాల, నాది ఉండింది.

తర్వాత ఫార్మాట్ డేటా కొట్టి, అసలు లీనేజ్ జిప్‌ని కంప్యూటర్ నుంచి ఏడీబీ సైడ్‌లోడ్‌తో పంపడం మొదలుపెట్టా. నా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో పోయింది, ప్లగ్ మీదే బతకతా ఉంటది, పైన ఫ్యాను తిరగతా ఉంటే నా కళ్ళు దాని మీదే, కరెంటు పోతే అయిపోయా అని. 10, 20, 35, 47. 47 దగ్గర ఆగిపోయింది. కమాండ్ విండోలో ఏదో ఫెయిల్డ్ అని పడి, దాని పక్కనే సక్సెస్ అని కూడా ఉంది. ఫెయిల్ అయితే సక్సెస్ ఎట్టా, సక్సెస్ అయితే ఫెయిల్ ఎందుకు. నాయన కళ్ళజోడు పైకెత్తి, "ఏందబ్బయా, మునిగిపోయిందా?" అన్నాడు, ఆయనకి మునగడమే కళ్ళ ముందుంది పాపం. నేను నోరెత్తలా. లీనేజ్ వాళ్ళ వికీ తీసి చదివితే అందులో ఈ ముక్కే రాసుంది, కొన్నిసార్లు 47% దగ్గర ఆగి ఇదే మాట చూపిస్తది, పని అయిపోయినట్టే అనుకోండి అని. ఫోను వైపు చూస్తే నిజంగానే అయిపోయింది. ముందే చదివుంటే ఆ పది నిమిషాల గుండెదడ తప్పేది. అయినా కరెంటు పోయినా పెద్ద ప్రమాదమేం ఉండేది కాదంట, రికవరీ అట్టనే ఉంటది గనక మళ్ళీ మొదట్నించి పంపుకోవచ్చు, ఇది కూడా తర్వాత తెలిసిందే.

గూగుల్ ప్లే దీంట్లో రాదు, కావాలంటే మైండ్‌దగ్యాప్స్ అనే ప్యాకేజీ విడిగా వెయ్యాల, అది కూడా మొదటిసారి ఫోను ఆన్ కాకముందే వెయ్యాల. రికవరీని ఇంకోసారి రీస్టార్ట్ చేసి పంపితే సిగ్నేచర్ వెరిఫికేషన్ ఫెయిల్డ్ అని ఎర్రగా అడిగింది, అది లీనేజ్ వాళ్ళ సంతకం కాదు గనక అట్టా అంటది, యెస్ కొట్టడమే.

మొదటిసారి ఆన్ అవడానికి నాలుగు నిమిషాలు పట్టింది, ఆ నీలం గీత మీద గుండ్రాలు కదలతా ఉంటే అమ్మ కూడా వచ్చి నిలబడింది. వచ్చింది. భాష తెలుగు పెట్టా, సెట్టింగ్స్ మొత్తం తెలుగే. సిమ్ వేసి ముందు చూసింది కాల్స్, ఎందుకంటే జియోకి 2జీ, 3జీ లేవు, 4జీ మీద మాట్లాడే వోల్టే పని చెయ్యకపోతే ఫోను ఒట్టి రాయి. పని చేసింది. ఆన్ చేసిన ప్రతిసారీ బూట్‌లోడర్ అన్‌లాక్ అయ్యిందని ఒక హెచ్చరిక వస్తది, అది మాత్రం పోదు, నాయన దాన్ని చూసి "ఏందిది, మొత్తుకుంటా ఉండాది" అన్నాడు, పట్టించుకోవద్దన్నా.

ఇంక అసలు కథ. యూపీఐ యాప్ ఒకటి వేసా, తెరుచుకుంది, సిమ్ వెరిఫై అయ్యింది, ఒక రూపాయి పంపి చూసా, పోయింది. ఆ ఊపులో ఆయన బ్యాంక్ వాళ్ళ సొంత యాప్ వేసా. తెరవగానే ఈ డివైస్ సేఫ్ కాదు అని చెప్పి మూసేసుకుంది. ఎన్నిసార్లు తెరిచినా అదే మాట. ముందురోజు దాకా, 2021 నాటి ప్యాచ్‌తో, ఇన్నేళ్ళు బయటపడిన బొక్కలన్నీ తెరిచిపెట్టుకుని ఉన్నప్పుడు ఇదే ఫోన్లో ఇదే యాప్ వేసుంటే చక్కగా తెరుచుకునేది, ఈ నెల ప్యాచ్ వేస్తే సేఫ్ కాదంట! వాళ్ళు చూసేది ప్యాచ్ తేదీ కాదు, గూగుల్ ప్లే ఇంటిగ్రిటీ అని ఒక చెకింగ్, బూట్‌లోడర్ లాక్ ఉందా, గూగుల్ సర్టిఫై చేసిన సాఫ్ట్‌వేరేనా అని. పూర్తిగా వాళ్ళది తప్పని కూడా అనలేను, తాళం తీసున్న ఫోన్లో ఎవడైనా ఏమైనా చెయ్యొచ్చు కదా. కానీ కడుపు మండింది.

రూట్ చేసి, అంటే ఫోను మీద పూర్తి అధికారం తీసుకుని, ఆ చెకింగ్‌ని ఏమార్చే దారులున్నాయి, నా ఫోనైతే చేసేవాణ్ణేమో, నాయన పంట డబ్బులుండే ఫోన్లో ఆ పని చెయ్యబుద్ధి కాలా, పైగా ఈరోజు పనిచేసింది వచ్చేవారం చెయ్యదు, ఆయన గుంట కట్ట మీద నిలబడి నాకు ఫోన్ చేస్తాడు. ఇంకొంతమంది మళ్ళీ బూట్‌లోడర్ లాక్ చేసెయ్ అని సలహా ఇస్తారు, లీనేజ్ మీద ఉండగా ఆ పని చెయ్యొద్దని వాళ్ళే చెప్తారు, లాక్ చేస్తే ఫోను అసలు లేవకుండా పోవచ్చు. మొత్తానికి తేల్చిందేమంటే, చిన్న చిన్నవి ఆ యూపీఐ యాప్‌లో, పెద్దవి అమ్మ ఫోన్లో బ్యాంక్ యాప్‌లో.

ఇప్పటికి రెండు నెలలైంది. కెమెరా ముందంత బాగా లేదు, కంపెనీ కెమెరా యాప్ పోయింది కదా, రాత్రిళ్ళు ఫోటో తీస్తే మసక. చెక్ ట్రేలో మేత మిగిలిందా లేదా, రొయ్య పేగు నిండుగా ఉందా అన్నది మాత్రం టెక్నీషియన్‌కి తెలస్తా ఉందంట, అంతే కావాల. వేలిముద్ర పనిచెయ్యలా, సెన్సార్ తప్పు కాదు, సున్నం, ఉప్పునీళ్ళు, మేత బస్తాలతో ఆయన వేళ్ళు అరిగిపోయుండాయి, రేషన్ షాపులో కూడా ఇదే గొడవ, అందుకని ప్యాటర్న్ పెట్టా. పక్కన ఉండే స్లైడర్ అంటే మాత్రం ఆయనకి మహా ఇష్టం, పైకంటే సైలెంటు, కిందకంటే మోత, తడిచేత్తో కూడా టక్కున జరుపుతాడు, లీనేజ్‌లో అది చక్కగా పనిచేస్తా ఉంది. ఫోను గుడ్డసంచీలో పెట్టి తాడుతో మెడకి కట్టుకుంటా ఉండాడు ఇప్పుడు. వారానికోసారి అప్డేట్ వస్తది, దాన్ని ముట్టుకోవద్దని చెప్పా, ఊరికి పోయినప్పుడు నేనే చేస్తా.

పోయిన వారం పోతే మా పక్క గుంటలాయన, వరసకి మామ, ఒక ఫోను చేతిలో పట్టుకుని వచ్చాడు. "మీ నాయనకి చేసినట్టే దీనిక్కూడా చెయ్యి అల్లుడా, కొని మూడేళ్ళే అయింది, నత్తలాగుండాది." మోడల్ చూసి లిస్టులో వెతికా, లేదు. చిప్ పేరు మీద వెతికా, ఎవుడో ఒకడు సగం చేసి, కాల్స్ పనిచెయ్యవు అని రాసిపెట్టి వదిలేసుండాడు. "కాల్స్ రాకపోయినా ఫర్లేదా మామా" అంటే, "అప్పుడు మీ అత్త ఫోన్ చేస్తే ఎత్తక్కర్లేదు గందా" అని ఒక నిమిషం నిజంగానే ఆలోచించాడు. టీ తాపించి, అక్కర్లేని యాప్‌లు ఒక ఇరవై తీసేసి, పంపించా.