ఆన్‌లైన్ వేలంలో పొట్టి ఐన్ రూపాయి: నా అనుభవం

మాది కరీంనగర్ వైపు. ఉద్యోగానికని బెంగళూరు వచ్చి మారతహళ్ళిలో స్థిరపడ్డాను. నిజాం నాణేల మీద ఇష్టం మాత్రం పోలేదు. నా సేకరణలో చాలాకాలంగా ఒక ఖాళీ ఉండేది: ఏడో నిజాం తొలి రోజుల నాటి చార్మినార్ వెండి రూపాయి. 1911 ఆగస్టులో మహబూబ్ అలీ ఖాన్ చనిపోయి ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కారు. తండ్రి నాణేల మీద చార్మినార్ ద్వారంలో ఆయన పేరులో మొదటిదైన 'మీమ్' అనే ఉర్దూ అక్షరం ఉంటే, కొడుకు నాణేల మీద ఆయన పేరులో మొదటిదైన 'ఐన్' ఉంటుంది. మొదట్లో ఆ ఐన్‌ను తోక లేకుండా పొట్టిగా వేశారు, పూర్తి అక్షరం తర్వాత వచ్చింది. హిజ్రీ 1330 తేదీతో రెండు రకాలూ దొరుకుతాయి. అందుకే తేదీ చూస్తే చాలదు, ద్వారంలోకి చూడాలి.

ఒక వేలం సైట్‌లో 'నిజాం వెండి రూపాయి' అని మాత్రమే రాసిన లాట్ (వేలానికి పెట్టిన వస్తువు) కనిపించింది. ఫొటోను పెద్దది చేసి చూస్తే ద్వారంలో అక్షరానికి తోక లేదు. బరువు 11.1 గ్రాములని రాశారు. అసలు బరువు 11.18, కాస్త అరిగిన నాణేనికి అది సరిపోతుంది. అమ్మేవాళ్ళు ఆ అక్షరాన్ని గమనించలేదు. అప్పుడే బిడ్ వేస్తే, నా సంగతి తెలిసిన ఇద్దరు ముగ్గురు 'ఇతను ఎందుకు వేశాడు' అని ఫొటో తెరుస్తారు. తెలిసినవాళ్ళు చివరి నిమిషం దాకా ఆగడానికి అసలు కారణం ఇదే. ఆల్విన్ రాత్, యాక్సెల్ ఓకెన్‌ఫెల్స్ అనే ఆర్థికవేత్తలు 2002లో అచ్చేసిన పరిశోధనలో ఈబేలో కంప్యూటర్ల కంటే పాత వస్తువుల వేలాల్లో ఆఖరి నిమిషపు బిడ్లు ఎక్కువని తేలింది. నాకు అందులో ఆశ్చర్యమేమీ లేదు.

ముందు నియమాలు చదివాను. అది సమయానికి ఠంచనుగా ముగిసే వేలం, పొడిగింపు లేదు. ప్రాక్సీ బిడ్ ఉంది. అంటే నేను ఎంత గరిష్ఠం పెట్టినా, అవతలి వ్యక్తి గరిష్ఠం మీద ఒక్క మెట్టు మాత్రమే సైట్ ఎక్కిస్తుంది. ఇద్దరి గరిష్ఠాలూ సమానమైతే ముందు వేసినవారికే దక్కుతుంది. ఆఖర్లో వేసేవాళ్ళకు ఉన్న చిక్కు అదే.

మా నాణేల మిత్రుల్లో అనంతపురం పెద్దాయన ఒకరున్నారు. ఆయనకు ఫోన్ చేస్తే, "రేటు ఇప్పుడే కాగితం మీద రాసిపెట్టుకో నాయనా. గడియారం చూస్తూ లెక్కలు వేయొద్దు" అన్నారు. బయ్యర్స్ ప్రీమియం (గెలిచిన ధర మీద వేలం సంస్థ తీసుకునే అదనపు రుసుము), దాని మీద జీఎస్టీ, కొరియర్ అన్నీ కలిపి చేతికొచ్చేసరికి ఏడున్నర వేలు దాటకూడదనుకుని వెనక్కి లెక్కేశాను. 6,137 అని రాసుకున్నాను. 6,000, 6,100 లాంటి గుండు అంకెలు అందరూ పెడతారు, వాళ్ళను దాటడానికి ఆ ముప్పై ఏడు రూపాయలు చాలు.

ముందు రోజు ఒక చవక లాట్ మీద బిడ్ వేసి చూశాను. బటన్ నొక్కాక 'ఖాయమేనా' అని ఇంకో పేజీ వస్తుంది, దానికే రెండు మూడు సెకన్లు పోతాయి. ఆఖరి సెకను దాకా ఆగితే అంతే సంగతులు. కాబట్టి అంకె ముందే నింపి ఆ రెండో పేజీ దగ్గర ఆగాలని, ఎనిమిది సెకన్లు ఉండగా నొక్కాలని నిర్ణయించుకున్నాను. ఫోన్‌లో టైం కాకుండా సైట్ చూపించే కౌంట్‌డౌన్‌నే నమ్మాలి. వైఫైతో పాటు మొబైల్ డేటా కూడా సిద్ధంగా పెట్టుకున్నాను.

ఆ రాత్రి ఇద్దరు పోటాపోటీగా వందేసి పెంచుకుంటూ 4,600 దాకా తెచ్చారు. అలా మెట్టుమెట్టుగా ఎక్కేవాళ్ళ మీదే ఈ ఎత్తు బాగా పనిచేస్తుంది, మళ్ళీ పెంచే వ్యవధి వాళ్ళకు ఉండదు. ఎవరైనా ముందే పెద్ద ప్రాక్సీ పెట్టి ఉంటే ఎనిమిది సెకన్లేం చేస్తాయి? టెన్షన్‌తో చేతులు చల్లబడ్డాయి. నొక్కాను. పేజీ తిరిగి 5,300 దగ్గర ఆగింది. ఎవరో 5,200 గరిష్ఠం పెట్టారన్నమాట. నాణెం నాదైంది! కవర్ వచ్చిన రోజే తూకం వేసి, భూతద్దంలో ఆ ద్వారం ఎంతసేపు చూశానో.

దీన్ని మోసమనేవాళ్ళున్నారు, నేను ఒప్పుకోను. తన సరుకు ధర పెంచడానికి తన మనిషి చేతే బిడ్లు వేయించడం మోసం. నా రేటును నేను ఆఖర్లో చెప్పడం మోసమెలా అవుతుంది?

అదే ఏడాది ఒక వాట్సాప్ గ్రూపు వేలంలో ఉస్మాన్ అలీ ఖాన్ అర్ధ రూపాయి వచ్చింది. అక్కడ చివరి ఐదు నిమిషాల్లో బిడ్ పడితే ఇంకో ఐదు నిమిషాలు పెరుగుతాయి. అమెజాన్ ఒకప్పుడు నడిపిన వేలాల్లోనూ ఇలాంటి పద్ధతే, పది నిమిషాల పాటు కొత్త బిడ్ లేకపోతేనే ముగిసేవి. అక్కడ ఆఖరి సెకనుకు విలువ లేదు. అందుకని నా గరిష్ఠం మధ్యాహ్నమే వేసేశాను. రాత్రి విజయవాడ సోదరుడొకరు దాన్ని దాటారు, నేను మళ్ళీ పెంచలేదు. "మంచి పీస్ పట్టారన్నా" అని మెసేజ్ పెడితే, నాణెం అందాక రెండు వైపులా ఫొటోలు తీసి పంపించారు.