నాలుగో ట్రయల్: చంక దగ్గరే ఆగిపోయిన కోటు

చెయ్యెత్తినా కాలర్ కదలని కోటు కుట్టాలని నా తంటాలు. నిన్న రాత్రి పదకొండున్నరకి కోరాగుడ్డతో కుట్టిన నాలుగో ట్రయల్ కోటు వేసుకుని అద్దం ముందు కుడి చెయ్యి తలపైకి ఎత్తాను. కాలర్ మెడని వదిలేసి ముప్పావు అంగుళం పైకి లేచింది. మళ్లీ! విప్పి గోడకేసి కొట్టాను. పాత హాలీవుడ్ డాన్సర్ ఫ్రెడ్ ఆస్టేర్ కూడా కొత్త సూట్లని గోడకేసి కొట్టేవాడని చెప్పుకుంటారు. ఆయన బిగువు పోవాలని కొట్టాడు, నేను ఒళ్లు మండి కొట్టాను.

గ్రే ఫ్లానెల్ ప్యాంటు కుదిరింది. బెల్టు బదులు ఆయనలాగే పాత టై చుట్టి ముడేశాను, అదీ బాగుంది. గొడవంతా కోటు చంకతోనే.

ఆస్టేర్ బట్టలు కుట్టించుకున్న చోట్లలో అప్పట్లో లండన్ సావిల్ రోలో ఉన్న ఆండర్సన్ అండ్ షెపర్డ్ దర్జీ దుకాణం ఒకటి. ఫిట్టింగ్ గదిలోనే నాలుగు స్టెప్పులేసి, కాలర్ కదులుతోందేమో చూసుకునేవాడట. వాళ్ల కోటుకి భుజం మెత్తగా, చంక చిన్నగా, బాగా పైకి ఉంటుంది. నాకు ఈ ముక్క తెలుసు. తెలిసీ నాలుగుసార్లు చెడగొట్టాను.

నా ఛాతీ 38. పాత ప్యాటర్న్‌లో మెడ వెనక ఎముక నుంచి చంక గీతకి 9¾ అంగుళాలు. మొదటి ట్రయల్‌లో చెయ్యెత్తితే కోటు అంచు 2¼ అంగుళాలు లేచింది. రెండోసారి గీతని 9కి ఎక్కించాను. అంచు 1½కి తగ్గింది గానీ కాలర్ ముప్పావు లేచింది. భుజం ప్యాడ్ తోస్తోందేమోనని మూడోసారి అది పీకేశాను. కాలర్ అంతే, పైగా భుజం మీద ముడతలు. నాలుగోసారి కింద కాలర్‌ని ఉన్ని గుడ్డలో ఐమూలగా, ⅜ అంగుళం పొట్టిగా కత్తిరించి, ఆవిరి ఇస్త్రీతో సాగదీసి అతికాను. చెయ్యి దించి నిలబడితే బంక పెట్టినట్టు మెడకి అంటుకుంది. ఎత్తితే మళ్లీ అదే ముప్పావు. (పాలిస్టర్ కలిసిన గుడ్డ ఇంత బాగా సాగదు. కాలర్‌కి అది వాడమనే వాళ్ల మాట వినకండి.)

పొద్దున అమ్మ ఆ కోరాగుడ్డ కోటు తిరగేసి చూసింది. ముప్పై ఏళ్లుగా బ్లౌజులు కుడుతోంది.

"చంక ఎత్తావు సరే, చెయ్యి అలాగే వదిలేశావేంట్రా?"

నిజమే. చంక ముప్పావు ఎక్కింది, చేతి కత్తిరింపు మాత్రం పాత 9¾ లెక్కలోనే ఉండిపోయింది. చేతికి పైవంపు, అంటే భుజానికి అతికే వంపు, ఎత్తు 6¼. ఎక్కువైన గుడ్డని నేనే నలిపి నలిపి కుట్టేశాను. అమ్మ బ్లౌజు చేతికి అదే ఎత్తు 3½. అందుకే అది వేసుకుని అటక మీద డబ్బాలు దించగలదు.

ఒక్క కుడి చేతినే మళ్లీ కత్తిరించాను. పైవంపు 5½, కండ దగ్గర వెడల్పు 14¼ నుంచి 15¼. కచ్చా కుట్టు వేసి ఎత్తి చూస్తే అంచు ⅞, కాలర్ పావు! గది మధ్యలో ఒక చుట్టు తిరిగాను, అమ్మ నవ్వింది.

తర్వాత చెయ్యి దించాను. వెనక వైపు, మోచేతికి పైన రెండు ఏటవాలు మడతలు. పైవంపు తగ్గిస్తే కొంత మడత తప్పదని అమ్మ అంటుంది. కోటుకి చెయ్యి అతికిన కోణం తప్పని నా అనుమానం. ఆదివారం అర అంగుళం ముందుకి తిప్పి చూస్తాను.

అదీ కుదరకపోతే కొన్నాళ్లు ఇంకో హాలీవుడ్ డాన్సర్ జీన్ కెల్లీ దారి పడతా. ఒంటికి పట్టిన టీషర్టు, లోఫర్లు, పాదాల కదలిక కనబడేలా తెల్ల సాక్సులు. చంక తలనొప్పే లేదు. కానీ మనసు కోటు మీదే ఉంది. రెండుంపావు మీటర్ల నేవీ ఉన్ని గుడ్డ బీరువాలో కలరా ఉండల మధ్య ఉంది. దానికింకా కత్తెర తగల్లేదు.