వల వెనక పెట్టరా!

పోయిన ఆగస్టులో అక్కావాళ్ళతో అమెరికా దక్షిణ కొసన ఉన్న ఫ్లోరిడా కీస్ దీవులకి వెళ్ళాం. అక్కడ 6వ తారీఖు నుంచి లాబ్‌స్టర్లు, అంటే పెద్ద రొయ్యల్లాంటివి, పట్టే సీజన్ మొదలవుతుంది, మా బావకి ఏటా అదో పండగ. నాకు మాస్కూ, ఊపిరి పీల్చుకునే గొట్టం స్నార్కెలూ తగిలించి, చేతికో చిన్న వల ఇచ్చి, "దాని ముందు కాదురా, వెనక పెట్టు" అని ఒక్కటే చెప్పాడు. ఎదురుగా నడిచొచ్చేదానికి వెనక వల దేనికో నీళ్ళలో దిగాక గానీ అర్థం కాలేదు.

రాతి సందులోంచి రెండు పొడుగాటి మీసాలు బయటికొచ్చి ఆడుతున్నాయి. ఇవి స్పైనీ లాబ్‌స్టర్లు, పీతకున్నట్టు పెద్ద డెక్కలుండవు, ఒళ్ళంతా ముళ్ళు. బావ సన్నటి కడ్డీ లోపలికి పోనిచ్చి తోక దగ్గర మెల్లగా గోకాడు. అంతే, పది కాళ్ళ మునివేళ్ళ మీద, మీసాలతో దారి తడుముకుంటూ, ఏ తొందరా లేకుండా ఇసకలోకి నడిచొచ్చింది. నేను వెనక వల పెట్టాను, బావ ముందు నుంచి తలమీద తట్టాడు, ఒక్క క్షణంలో కాళ్ళు ముడిచేసి, విసనకర్రలా విప్పుకున్న తోకని పొట్ట కిందికి ఫట్‌మని మడిచింది. ఆ దెబ్బకి నీళ్ళు ముందుకి తన్నాయి, అది వెనక్కి దూసుకొచ్చి తిన్నగా నా వల్లో పడింది!

చిన్నప్పుడు నాన్నతో వైజాగ్ ఫిషింగ్ హార్బర్‌కి వెళ్తే బుట్టలో ఇలాంటివే తోకలు టపటపా కొట్టుకునేవి, గిలగిలా కొట్టుకుంటున్నాయి పాపం అనుకునేదాన్ని. అది ఈత అని ఇన్నేళ్ళకి తెలిసింది, అక్కడ నీళ్ళు లేవు కాబట్టి ఎక్కడికీ పోలేకపోయాయి.

ఇంటికొచ్చాక వీటి గురించి చదువుతూ కూర్చున్నా. బహామాస్ దగ్గర శరదృతువు తుఫాన్లకి నీళ్ళు చల్లబడి మడ్డిగా అయ్యేసరికి ఇవి వరస కట్టి లోతు నీళ్ళవైపు బయల్దేరతాయట, పదుల కొద్దీ, ఒకదాని వెనక ఒకటి, ముందున్నదాన్ని తాకుతూ, రాత్రీ పగలూ నడుస్తూనే. వరసలో వెళ్తే వెనకున్నవాటికి నీటి ఒరిపిడి తగ్గుతుందని హెర్న్‌కైండ్ అనే సైంటిస్టు వాళ్ళు 1976లోనే చూపించారు. దారిలో ఏ చేపైనా మీద పడితే గుండ్రంగా చేరిపోయి మీసాలు బయటికి పెట్టి ఎదిరిస్తాయి.

నన్ను నిజంగా కదిలించింది మాత్రం 2003లో బోల్స్, లోమన్ అనే సైంటిస్టులు చేసిన పని. ఈ కీస్‌లోవే పట్టుకుని, దారి తెలీకుండా 12 నుంచి 37 కిలోమీటర్లు తీసుకెళ్ళి, కళ్ళకి మూతలు పెట్టి నీళ్ళలో నడవనిస్తే, పట్టిన చోటు వైపే నడిచాయి! తర్వాత అక్కడే ఉంచి, 400 కిలోమీటర్లు ఉత్తరాన భూమికి ఉండేలాంటి అయస్కాంత క్షేత్రాన్ని చుట్టూ తయారుచేస్తే దక్షిణానికి నడిచాయి, దక్షిణానిది పెడితే ఉత్తరానికి. అంటే తనెక్కడుందో దానికి తెలుసు, ఇల్లెటో తెలుసు. మనం బుట్టలో వేసి కిలోల లెక్కన తూచేది ఇలాంటిదాన్ని.

మేం పట్టినదాన్ని బావ నీళ్ళలోనే కొలిచాడు, తలపెంకు 3 అంగుళాలు దాటాలి, దీనికి కొంచెం తక్కువైంది. వల తిరగేశాను. మెల్లగా ఇసక మీదికి దిగి, కాసేపు కదలకుండా ఉండి, ముందు ఒక మీసం, తర్వాత రెండోది చాచి తడుముకుని, వచ్చిన రాయి వైపే నడుచుకుంటూ పోయింది.