గాల్వెస్టన్ బేలో పిల్లలతో కయాక్ వేట

హ్యూస్టన్ చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో పెరిగే చాలామంది పిల్లలకు చేప అంటే ముల్లు లేని తెల్లటి ముక్క. గంట, గంటన్నర కారులో వెళ్తే టెక్సాస్ తీరపు ఉప్పునీటి అఖాతం, గాల్వెస్టన్ బే. అక్కడ చేపకు తల, పొలుసు, దానికంటూ ఒక చట్టం కూడా ఉంటాయి. పుట్టి పెరుగుతున్న ఊరి నీళ్లూ, తాతల ఊరి పులుసూ ఒకే రోజున పిల్లలకు అందాలంటే తెడ్డుతో నడిపే చిన్న పడవ, కయాక్ కన్నా మంచి దారి కనబడదు.

బయలుదేరుతున్నామనగానే ‘వాడికి నీటిగండం ఉంది’ అనే అమ్మమ్మ మాట ఒకటి వినబడుతుంది. ఆ భయాన్ని కొట్టిపారేయకండి. 26 అడుగుల లోపు పడవ కదులుతున్నంతసేపూ 13 ఏళ్ల లోపు పిల్లలు లైఫ్ జాకెట్ తొడుక్కునే ఉండాలని టెక్సాస్ చట్టం. పెద్దవాళ్లూ తీయకూడదని నా పట్టుదల. జాకెట్ బిగించాక భుజాల దగ్గర పట్టి పైకి లాగండి. గడ్డం దాటి వస్తే అది ఆ బిడ్డ కొలత కాదు. మనలో ఈత రాని తల్లిదండ్రులు ఎక్కువ. అందుకే మొదటిసారి గాలాలు ఇంట్లోనే వదిలి వెళ్లండి. నడుము లోతు నీళ్లలో కావాలని పడవ నుంచి పడి, పక్క నుంచి మళ్లీ పడవ మీదికి బోర్లా పాకి, వెల్లకిలా తిరిగి, కూర్చోవడం సాధన చేయాలి. అది తల్లికో తండ్రికో వచ్చాకే బిడ్డ ఎక్కాలి.

పైన కూర్చునే రకం, ఇద్దరు పట్టే వెడల్పాటి కయాక్ మేలు. బిడ్డ ముందు, పెద్దవాళ్లు వెనక. ‘ఆపు’, ‘కూర్చో’, ‘ఎడమ’, ‘కుడి’ లాంటి నాలుగైదు మాటలు ఒక్క భాషలోనే ఖాయం చేసుకోండి. తెలుగైతే మరీ మంచిది. రెండు భాషలు కలిపి అరిస్తే బిడ్డ తటపటాయిస్తుంది, ఆ తటపటాయింపులోనే పడవ ఒరిగిపోతుంది. లంగరు తాడు ముక్కుకో వెనక కొసకో కట్టాలి. పక్కకు కడితే గాలీ ప్రవాహమూ కలిసి బోల్తా కొట్టిస్తాయి.

కాకినాడ, విశాఖ తీరం తెలిసిన తాతయ్య రోజుకు రెండు పోట్లు అంటారు. అక్కడ అది నిజం. గాల్వెస్టన్‌లో చాలా రోజులు ఒకే పోటు, ఒకే ఆటు. ఎత్తు తేడా కూడా అడుగు, అడుగున్నర దగ్గరే. ఇక్కడ చంద్రుడి కన్నా గాలి పెత్తనమే ఎక్కువ. చలికాలంలో ఉత్తరపు గాలి గట్టిగా వీస్తే బే నీళ్లు సముద్రంలోకి తోసుకుపోతాయి, పొద్దున తేలిన పాయలో మధ్యాహ్నానికి బురద మిగులుతుంది. పిల్లలతో అయితే గాలి గంటకు పది మైళ్లు దాటని రోజునే ఎంచుకోండి. వెళ్లేటప్పుడు గాలికి ఎదురు వెళ్తే, అలసిపోయాక తిరుగుదారిలో అదే తోసుకొస్తుంది. ఉరుము వినబడితే వెంటనే ఒడ్డుకు రావాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ దిగకూడదు. గాల్వెస్టన్ ఐలండ్ స్టేట్ పార్క్ బే వైపున్న ఓక్ బాయూ, జెన్‌కిన్స్ బాయూ తెడ్డు దారులు గడ్డి మడుల మాటున ఉంటాయి, మొదలుపెట్టడానికి బాగుంటాయి.

ఏడడుగుల మీడియం గాలం కర్ర, 2500 లేదా 3000 సైజు రీలు, 15 పౌండ్ల అల్లిక దారం, కొసకు రెండడుగుల 20 పౌండ్ల లీడరు (గాలం కట్టే చివరి దారం ముక్క) సరిపోతాయి. పాపింగ్ కార్క్ (లాగితే చప్పుడు చేసే తేలే బెండు) కింద బతికున్న రొయ్య. తలలో నల్లగా కనబడే మచ్చకు తగలకుండా కొమ్ము కింద గాలం గుచ్చాలి, మచ్చకు తగిలితే రొయ్య అప్పుడే చస్తుంది. సర్కిల్ హుక్ (మొన లోపలికి వంగిన గుండ్రటి గాలం) వాడితే పిల్లలు కర్రను గుంజకూడదు, నిదానంగా చుట్టాలి. చేప తిరిగేటప్పుడు గాలం మూతి మూలన తనంతట పడుతుంది. గుంజితే ఊడిపోతుంది. రీలు బిగువు దారం బలంలో నాలుగో వంతు చాలు. మరీ బిగిస్తే రెడ్‌ఫిష్ (ఈ బేలో దొరికే ఎర్రటి చేప) పక్కకు లాగినప్పుడు బిడ్డ కర్రతో పాటు వంగిపోతుంది. కర్ర కొస పడవ ముక్కు వైపు ఉంచితే చేప పడవనే లాక్కెళ్తుంది, పిల్లలకు అంతకు మించిన సంబరం లేదు.

17 ఏళ్ల లోపు పిల్లలకు లైసెన్సు అక్కర్లేదు. పెద్దవాళ్లకు ఉప్పునీటి ఎండార్స్‌మెంట్ (అదనపు అనుమతి)తో లైసెన్సు కావాలి. రెడ్‌ఫిష్ 20 నుంచి 28 అంగుళాల మధ్య ఉంటేనే ఇంటికి, మనిషికి రోజుకు మూడు. మూతి మూసి, తోక కొసలు దగ్గరకు నొక్కి కొలవాలి. ఈ కొలత పిల్లల చేతే చేయించండి. చిన్నవి ఇంకా పెరగాలి, పెద్దవి సముద్రంలోకి వెళ్లి గుడ్లు పెట్టాలి అన్న కారణం చెబితే వాళ్లే మన మీద కాపలా కాస్తారు. ఇక్కడ పడే మరో చేప, మచ్చల సీట్రౌట్‌కు 2024 నుంచి 15–20 అంగుళాలు, మూడు చేపలు. 2021 ఫిబ్రవరి గడ్డకట్టే చలిలో టెక్సాస్ తీరంలో దాదాపు 38 లక్షల చేపలు చచ్చాక మొదలైన బిగింపు ఇది. వెళ్లేముందు ఆ ఏటి నిబంధనలు ఒకసారి చూసుకోవడం తప్పనిసరి.

ఉప్పాడ రేవులో లక్షలు పలికే కచిడి, ఈ రెడ్‌ఫిష్ ఒకే కుటుంబం చేపలు. ఈ సంగతి వీడియో కాల్‌లో తాతయ్యకు మనవడి చేతే చెప్పించండి.

డాల్ఫిన్లకు తిండి వేయడం 1972 సముద్ర క్షీరదాల చట్టం కింద నేరం; వాటికి 50 గజాల దూరం పాటించాలి. వెస్ట్ బేలోని నార్త్ డీర్ ఐలండ్‌లో గూడబాతలు, గులాబీ రంగు తెడ్డుమూతి కొంగలు గూళ్లు కడతాయి. ఫిబ్రవరి నుంచి ఆగస్టు దాకా అక్కడా అంతే దూరం. తల్లిపక్షి లేచిపోతే పిల్లలు ఎండకు మాడిపోతాయి. గాలం గూడబాతకు తగిలితే దారం తెంచేయకూడదు. మెల్లగా దగ్గరకు లాగి, తల మీద తువ్వాలు కప్పి, ముల్లు కొండి నొక్కేసి తీయాలి.

ఆల్చిప్పల దిబ్బలు పాదాల్ని కోసేస్తాయి, బూట్లు లేకుండా దిగనివ్వకండి. తోక ముల్లుతో పొడిచే టేకు చేపలు (స్టింగ్‌రేలు) ఇసుకలో దాగి ఉంటాయి కనుక అడుగులు ఎత్తకుండా జరుపుతూ నడవాలి. ఎండాకాలపు గోరువెచ్చని నీళ్లలో గాయాల ద్వారా సోకే విబ్రియో అనే బాక్టీరియా ఉంటుంది. ఒంటి మీద పుండో కోతో ఉన్నవాళ్లు ఆ రోజు ఒడ్డునే ఉండాలి.

జెల్లలు తరచూ పడతాయి. వీపు ముల్లు, రెండు పక్క ముళ్లు విషమే. పట్టకారుతోనే తీయాలి, గుచ్చుకుంటే ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో చెయ్యి ముంచాలి. జెల్ల పులుసు మనకు ఎంత ఇష్టమైనా ఈ బే జెల్లలను వదిలేయండి: వాటి ఒంట్లో చేరిన విష రసాయనాలు డయాక్సిన్లు, పీసీబీల వల్ల పిల్లలు, గర్భం దాల్చే వయసు స్త్రీలు తినవద్దని రాష్ట్ర ఆరోగ్యశాఖ హెచ్చరిక ఉంది. హ్యూస్టన్ షిప్ ఛానల్ (ఓడల కాలువ) వైపు చేపలు అసలు వద్దు.

పట్టిన రెడ్‌ఫిష్‌ను ఐసు, బే నీళ్లు కలిపిన సంచిలో వెంటనే పెట్టాలి. ఒడ్డుకు చేరేదాకా తల, తోక తీయకూడదన్నది నిబంధన. పులుసుకు ఎలాగూ తల కావాలి. పొలుసు మందం, కత్తి కన్నా చెంచా అంచుతో తోక నుంచి తలవైపు గీరితే తేలిగ్గా ఊడుతుంది. పక్కటెముకలు ముందు సగంలోనే ఉంటాయి కనుక చిన్నవాళ్లకు తోకవైపు ముక్కలు వేయండి.