టైడాలో వానరోజు

జులై, ఆదివారం రాత్రి

పొద్దున్నే తలుపు తీస్తే ఎదురుగా కొండ లేదు. నిన్న సాయంత్రం వరండాలోంచి చూసిన లోయంతటినీ మబ్బు మింగేసింది. పెద్ద వానేం కాదు, జల్లే. కానీ ఇప్పట్లో ఆగే రకం కాదు. చెల్లి ఒకసారి బయటికి తొంగిచూసి మళ్ళీ ముసుగు తన్నింది. నేను కాఫీ గ్లాసు పట్టుకుని వరండాలో కూర్చున్నాను.

విశాఖ నుంచి 75 కిలోమీటర్లు ఉంటుందేమో టైడా. అరకు వెళ్ళేవాళ్ళంతా దీన్ని దాటుకునే పోతారు, దిగేవాళ్ళు తక్కువ. పొద్దున్న కిరండూల్ పాసింజర్ ఎక్కడం, అరకులో మ్యూజియం, బొర్రా గుహలు, బొంగులో చికెన్, చీకటి పడేసరికి ఇంటికి. మా స్టాఫ్‌రూములో అరకంటే ఇంతే, అదీ డిసెంబరులో మంచు కోసం. నాకు ఆ తిరుగుడు ఎప్పుడూ నచ్చలేదు. పరిగెత్తుతూ చూస్తే కొండ మనకేం చెబుతుంది? అందుకే వానాకాలంలో వచ్చి ఒక్కచోటే ఉండిపోయాం. రోడ్డు వదిలి అడవిలోకి కాస్త నడిస్తే వస్తుంది ఈ బస. కొన్ని చెక్క గదులు, ఒక వంటిల్లు. ఫోను సిగ్నలు వరండా చివర నిలబడితేనే.

చోడి (రాగి) రొట్టె తిన్నాక దారి చూపించే పెద్దాయన వచ్చారు. వాన తగ్గాక బయల్దేరదామా అని అడిగితే, "తగ్గాక ఎల్దామంటే ఈ నెలంతా ఎల్లలేరమ్మా. తడుస్తాం, అంతే కదేటి" అన్నారు. ప్యాంట్లు సాక్సుల్లోకి దోపించి, గుడ్డలో మూటకట్టిన ఉప్పు చెరొకటి ఇచ్చారు. జలగ పట్టుకుంటే లాగకూడదట, ఉప్పు తగిలిస్తే తనే రాలిపోతుంది. చెల్లికి ఆ మూటతో చాలా పని పడింది.

కాఫీ తోటలోంచి నడిచాం. పైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియాల తీగలు, కింద నడుం ఎత్తున కాఫీ మొక్కలు. ఇప్పుడు కాయ పచ్చిగా, గట్టిగా ఉంది. నవంబరు నుంచి పండుతుంది, జనవరి దాకా కోతలే. పెద్దాయన వాళ్ళ నాన్నగారి రోజుల్లో ఈ వాలంతా పోడట. చెట్లు నరికి, కాల్చి, సామలు, చోళ్ళు చల్లేవారు. కాఫీకి నీడ కావాలి కాబట్టి ఇప్పుడు చెట్టు నిలబడింది. అరకు అరబికాకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివాను గానీ, ఆ గుర్తింపు వెనక ఇలాంటి వాలు ఒకటి ఉంటుందని నడిచాకే తెలిసింది. సిల్వర్ ఓక్ మాత్రం ఆస్ట్రేలియా చెట్టు. దాని బదులు ఇక్కడి పనస, మామిడి ఇంకా ఎక్కువ ఉంటే పక్షులకీ తిండి దొరుకుతుంది కదా అనిపిస్తుంది నాకు.

గెడ్డ (కొండవాగు) దగ్గరికి వచ్చేసరికి ఎవరో కుర్రాడు ఈల వేసుకుంటూ పోతున్నట్టు వినిపించింది. చుట్టూ చూస్తే ఎవరూ లేరు. పెద్దాయన రాళ్ళవైపు వేలు చూపించారు. నల్లటి పిట్ట, రెక్క కదిలితే ముదురు నీలం. మలబార్ విజిలింగ్ థ్రష్. వానాకాలంలో నీళ్ళ పక్కన బాగా పాడుతుంది. తడిసి వణుకుతున్న చెల్లి కూడా కదల్లేదు. డిసెంబరు మంచు కోసం వచ్చేవాళ్ళకి ఇంత పాట దొరకదు.

తిరిగొస్తుంటే పైన ఎక్కడో ఇంజను కూత. చెట్ల సందులోంచి ఖనిజం గూడ్సు, ఎంతసేపటికీ తోక రాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకి, అక్కడి నుంచి జపానుకి పంపడానికే 1960ల్లో ఈ లైను వేశారు. పైన శిమిలిగుడ దగ్గరికి వెళ్ళేసరికి పట్టాలు 996 మీటర్ల ఎత్తుకి చేరతాయి. ఇన్ని సొరంగాలు తవ్విన కూలీల పేర్లు స్టేషన్లలో ఎక్కడా కనబడవు. కనీసం ఒక రాయి మీదైనా రాస్తే బాగుండును.

మధ్యాహ్నం అడ్డాకు విస్తట్లో వేడన్నం, పప్పు, వెదురు కొమ్ముల కూర. కొమ్ములు సన్నగా తరిగి, ఉడికించి, ఆ నీళ్ళు పారబోస్తే చేదు పోతుందని వంటామె చెప్పింది. ఈ కూర వానల్లోనే. చెల్లి రెండోసారి వడ్డించుకుంది. తర్వాత ఇద్దరం పడి నిద్రపోయాం.

సాయంత్రం వంటింటి పొయ్యి దగ్గర బట్టలు ఆరబెట్టుకుంటూ పెద్దాయన్ని ఇంక ఎప్పుడు రావాలని అడిగాను. అక్టోబరు, నవంబరుల్లో అరకు వైపు వలిసె పూలు, పొలాలన్నీ పసుపు. చలికాలం కోతలు, రాత్రి నెగళ్ళు. ఎండాకాలం పొద్దున్నే పిట్టల కోసం నడక. ఆయన్ని అడిగితే మాత్రం కాఫీ పూత చూడాలి. మార్చిలోనో ఏప్రిల్లోనో మంచి జల్లు పడిన వారం, పది రోజులకి తోటంతా ఒక్కసారే తెల్లగా పూస్తుంది, మల్లె వాసన. మూడు నాలుగు రోజుల్లో అయిపోతుంది. తేదీ ముందుగా ఎవరూ చెప్పలేరు. జల్లు పడగానే ఫోన్ చేస్తానన్నారు. అప్పుడు మాకు పరీక్షల సీజను. అయినా సెలవు పెట్టేస్తాను, చెల్లికి కూడా ఇప్పుడే చెప్పి ఉంచాను.