వేదాలు, బాణాలు, గ్రహాలు: పిల్లల సాహస నవల రాసిన నా అనుభవం

నేను ఒక ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. మూడేళ్ల క్రితం వేసవి సెలవుల్లో, హన్మకొండలోని ఒక ఊహా గ్రంథాలయం చుట్టూ అల్లిన పిల్లల సాహస నవల ఒకటి రాయడం మొదలుపెట్టాను. నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో రోజుకొక చిక్కుముడి చొప్పున ఏడు రోజుల పోటీ జరుగుతుంది. ఏడో ముడి విప్పిన జట్టుకు, నిజాం కాలంలో ఒక పాఠకుడు దాచిపెట్టి వెళ్లిన చేతిరాత పుస్తకం దొరుకుతుంది. కథ ఇంతే.

హన్మకొండను ఎంచుకోవడానికి అది నా ఊరు కావడం ఒక్కటే కారణం కాదు. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం ఏర్పడితే, మరో మూడేళ్లకే ఇక్కడ రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వెలిసింది. ఉర్దూ రాజభాషగా చెలామణి అవుతున్న రోజుల్లో తెలుగు పుస్తకాల కోసం పదిమంది ఒకచోట చేరడమే సాహసమని నాకు అనిపించేది కనుక, దాచిన పుస్తకం కథకు వేరే నేపథ్యం వెతుక్కోవలసిన పని పడలేదు.

మొదటి ప్రతి నలభై రోజుల్లో పూర్తయింది. ఎనిమిదో తరగతి చదువుతున్న మా సహోపాధ్యాయుని కూతురికి ఇచ్చాను. రెండు రోజుల్లో తిరిగి తెచ్చి, కథ బాగుందని చెప్పింది. మరి చిక్కుముడులు విప్పావా అని అడిగితే, "లేదు సార్, అవి వచ్చినప్పుడల్లా పేజీ తిప్పేసిన. జవాబు ఎట్లాగూ అవతల ఉంటది కద" అని ఏ మొహమాటమూ లేకుండా చెప్పింది. నేను ఏడు రాత్రులు కూర్చుని కట్టిన ముడులు ఆ పిల్లకు దారిలో అడ్డం వచ్చిన రాళ్లు మాత్రమే అయ్యాయి.

తిరిగి చదువుకుంటే తప్పు నాదేనని తెలిసింది. ఇంగ్లీషు పుస్తకాల్లో కనిపించే రహస్య లిపిని, అంటే ప్రతి అక్షరాన్నీ ఒక స్థానం ముందుకు జరిపే పద్ధతిని, నేను తెలుగుకు బలవంతంగా తొడిగాను. క స్థానంలో ఖ రాయడం వరకు బాగానే ఉంటుంది కానీ, గుణింతాన్ని ఏం చేయాలి, ఒత్తులను ఎటు జరపాలి? 'స్త్రీ' అనే ఒక్క అక్షరంలోనే మూడు హల్లులు, ఒక అచ్చు కలిసి ఉన్నాయి. పిల్లలు విసుక్కోవడం న్యాయమే. దాన్ని కొట్టివేసి మన వర్ణమాలలోనే సిద్ధంగా ఉన్న పట్టికను తీసుకున్నాను. క, చ, ట, త, ప వర్గాలు అయిదు, ఒక్కో వర్గంలో అయిదు అక్షరాలు. వరుస సంఖ్య మొదట, వరుసలో స్థానం తరువాత వేస్తే ఈ వర్గాల్లోని ప్రతి హల్లుకూ రెండంకెల గుర్తు వస్తుంది. ప అంటే 51, ట అంటే 31, సున్న ఎలాగూ సున్నాయే. కాబట్టి 'పటం' అంటే 51310. చిక్కుముడి రాసిన ఈ కొత్త చీటీ చూసుకుని నేను కొంచెం గర్వపడ్డాను కూడా.

రెండో చీటీకి భూతసంఖ్యలను వాడాను. పూర్వం శాసనాల్లోనూ కావ్యాల్లోనూ అంకెలకు బదులు మాటలు వాడేవారు. వేదాలు నాలుగు కనుక వేద అంటే 4, మన్మథుని బాణాలు అయిదు కనుక బాణ అంటే 5, గ్రహ అంటే 9. అయితే వీటిని కుడి నుంచి ఎడమకు చదవాలి. అంకానాం వామతో గతిః అన్నది సూత్రం. నా చీటీలో 'వేదాలు, బాణాలు, గ్రహాలు' అని ఉంటుంది. సూత్రం ప్రకారం చదివితే 954 వస్తుంది. గ్రంథాలయాల్లో పుస్తకాలకు విషయం వారీగా సంఖ్యలు వేసి అరల్లో పెట్టడానికి మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ వర్గీకరణలో 954 అంటే భారతదేశ చరిత్ర.

ఈ వర్గీకరణ నన్ను ఒక విషయంలో ఇబ్బంది పెట్టింది. తెలుగు సాహిత్యానికంతటికీ సంఖ్య 894.827తోనే మొదలవుతుంది, మన గ్రంథాలయాల్లోనేమో ఎక్కువ పుస్తకాలు అవే. కథలో పిల్లలను ఆ సంఖ్యతో పంపితే వాళ్లు కొన్ని వందల నవలల ముందు నిలబడతారు. అందుకే దాచిన చీటీలన్నింటినీ సాహిత్యం అరల నుంచి చరిత్ర, విజ్ఞానం, ఆటల అరలకు మార్చవలసి వచ్చింది.

ఈసారి కాగితం మీద నమ్మకం పెట్టుకోకుండా నిజం పిల్లలతో ఆడించి చూడాలనుకున్నాను. మా దగ్గరి గ్రంథాలయ పాలకుడు ఒక ఆదివారం ఉదయం రెండు గంటలు ఆడుకోనిచ్చారు. ఆయన ఒకే షరతు పెట్టారు: తీసిన పుస్తకాన్ని పిల్లలు తిరిగి అరలో పెట్టకూడదు, మధ్య బల్ల మీదే వదిలేయాలి. "తప్పు అరలో పెట్టిన పుస్తకం పోయినట్టే లెక్క సార్, మళ్లా అది దొరకాలంటే నా తలప్రాణం తోకకొస్తది" అన్నారు.

ఏడుగురు పిల్లలు వచ్చారు. మొదటి చీటీ చేతికి అందగానే, నేను ఊహించని వేగంతో అందరూ ఒకే అర వైపు పరిగెత్తారు. పటం గోడ మీద వేలాడుతోంది, వాళ్లు మాత్రం గణితం పుస్తకాలను ఒక్కొక్కటిగా బయటికి లాగుతున్నారు. కొంతసేపటికి గాని నాకు అర్థం కాలేదు. 51310 అనే అంకెలను వాళ్లు మూడో అంకె తరువాత చుక్క ఉన్నట్టు, 513.10 అని చదువుకున్నారు. 513 అంటే అంకగణితం! గణితం మాస్టారు పెట్టిన పోటీ కనుక అది గణితమే అయి ఉంటుందని వాళ్లు అనుకోవడంలో ఏ తప్పూ లేదు. నా చీటీకి నాకే తెలియని రెండో జవాబు ఉంది.

రెండో చీటీ దగ్గర మరో గందరగోళం. వేదాలు నాలుగని ఒకడు, గ్రహాలు తొమ్మిదని ఇంకొకడు టకటకా చెప్పారు కానీ, ఎడమ నుంచి చదివి 459 కోసం వెతికారు. "సార్, గీ నంబరు మీద బుక్కులే లేవు. తప్పు నంబరు పెట్టిన్రా?" అని నన్నే నిలదీశారు. సూత్రం తెలియని వాళ్లకు చీటీ ఇచ్చి విప్పమనడం అన్యాయమని అప్పుడు తోచింది.

పిల్లలు వెళ్లిపోయాక బల్ల దగ్గర కూర్చున్నాను. దాదాపు ముప్పై పుస్తకాలు కుప్పగా పడి ఉన్నాయి. అడుగున అంకగణితం, దాని మీద ఒక ఎక్కాల పుస్తకం, ఆపైన భాషాశాస్త్రం, వ్యాకరణం, అన్నింటికంటే పైన ఎవరో 'గ్రహాలు' అన్న మాటను పట్టుకుని తెచ్చిన ఖగోళశాస్త్రం. కింది నుంచి పైకి చదివితే వాళ్లు ఏ క్రమంలో తప్పుదారులు పట్టారో ఉన్నదున్నట్టు కనిపించింది. నా నవలలో పిల్లలు ప్రతిసారీ మొదటి ప్రయత్నంలోనే సరైన అరకు చేరుకునేవారు. ఆ కథలో సాహసం ఎందుకు లేదో ఈ కుప్ప చూశాక గ్రహించాను. ఆ పుస్తకాల పేర్లను అదే వరుసలో రాసుకున్నాను. అయిదో అధ్యాయం దాదాపుగా ఆ జాబితాయే.

తిరగరాయడానికి ఏడాది పట్టింది. 513 పొరపాటును తీసివేయకుండా కథలోని ప్రత్యర్థి జట్టుకు అప్పగించాను. వాళ్లు గణితం అరలు తిరగేస్తున్న అరగంటలోనే మా జట్టు ముందుకు పోతుంది. భూతసంఖ్యల సూత్రాన్ని రెండో అధ్యాయంలోనే నాటాను. పిల్లలు వేయి స్తంభాల గుడికి వెళ్లినప్పుడు, అక్కడి రుద్రదేవుని శాసనం శక సంవత్సరం 1084 నాటిదని, అంటే క్రీస్తు శకం 1163 అని ఒక తాతయ్య చెబుతాడు. ఆ 1084ను పాతకాలం మాటల్లో చెప్పాలంటే వేద, గజ, ఆకాశ, చంద్ర అనాలని నేల మీద పుల్లతో రాసి, వెనక నుంచి చదివిస్తాడు. నాలుగో అధ్యాయంలో చీటీ వచ్చేసరికి, కథలోని పాత్రలకు తెలిసినదంతా చదివే పిల్లలకూ తెలిసి ఉంటుంది.

ప్రచురణ సంగతి ఎక్కువగా చెప్పను. ఒక ప్రచురణ సంస్థ ఎనిమిది నెలలు ఉంచుకుని, చిక్కుముడులు తీసేస్తే వేస్తామని జవాబిచ్చింది. చివరికి సొంత ఖర్చుతో వరంగల్‌లోనే అచ్చు వేయించాలని నిశ్చయించుకున్నాను.

పేజీ తిప్పేసిన ఆ అమ్మాయి మాట మరిచిపోలేదు కనుక, ప్రతి చిక్కుముడీ కుడి చేతి పేజీ చివర, జవాబు ఆ పేజీ తిప్పితే గాని కనిపించని చోట ఉండేలా 126 పేజీలను కూర్పు చేయించాను. తీరా ప్రూఫు వచ్చాక చూస్తే ముడులన్నీ ఎడమ పేజీల్లో, జవాబులు వాటికి ఎదురుగా ఉన్నాయి. నేను ఆఖరి నిమిషంలో పెంచిన ముందుమాట రెండు పేజీల నుంచి మూడుకు చేరి, పుస్తకం మొత్తాన్నీ ఒక పేజీ పక్కకు నెట్టింది. ముందుమాట కుదించడానికి నాకు మనసు ఒప్పలేదు. "ఇంకో పేజీ ఇవ్వండి సార్, అన్నీ మళ్లీ సర్దుకుంటయి. 128 అయితే పదహారు పేజీల ఫారాలు సరిగ్గా ఎనిమిది" అన్నాడు ప్రెస్సు కుర్రవాడు. అందుకే ముందుమాట తరువాత ఒక పేజీ నిండా బల్ల మీది పుస్తకాల కుప్ప బొమ్మ ఉంటుంది. అడుగున ఉన్న పుస్తకం వీపు మీద 513 అని చిన్న చీటీ గీయించాను.