సీక్వెన్స్ దగ్గర ఆగిన ఊపిరి

మా పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో నోటిఫికేషన్ల టేబుల్ ఐడీ (ప్రతి వరుసకీ వచ్చే నంబరు) 213 కోట్లు దాటిందని చూడగానే నా నిద్ర ఎగిరిపోయింది. ఆ ఐడీ టైపు ఇంటీజర్, దాని హద్దు 214,74,83,647. అక్కడికి చేరితే కొత్త వరుస ఒక్కటీ పడదు.

టైపు నేరుగా మారిస్తే టేబుల్ మొత్తం తిరిగి రాస్తుంది, అయ్యేదాకా చదవడానికి కూడా లాకే. అందుకే పక్కన ఇంకా పెద్ద సంఖ్యలు పట్టే బిగ్‌ఇంట్ కాలమ్ పెట్టి, కొత్త వరుసల్లో దాన్ని ట్రిగ్గర్‌తో (వరుస పడేటప్పుడు తనంతట నడిచే కోడ్) నింపుతూ, పాతవి విడతలుగా కాపీ చేశాం. వారం పట్టింది.

మార్చేశాక, అంతా అయిపోయిందనుకుంటూ, తర్వాతి ఐడీని ఇచ్చే సీక్వెన్స్ చూశాను. అది ఇంకా ఇంటీజరే! వెర్షన్ 10 నుంచి, సీరియల్‌తో (ఐడీలు తనంతట పెరిగేలా కాలమ్ పెట్టే పద్ధతి) పుట్టిన సీక్వెన్స్‌కి సొంత టైపు ఉంటుంది, దాన్ని విడిగా మార్చాలి. ఈ సంగతి ముందే తెలిసుంటే ఎంత బాగుండేది. ఈ ఐడీని చూపే వేరే టేబుళ్ల ఫారిన్ కీ కాలమ్‌లదీ అదే కథ, అవి మాత్రం ముందే చూసుకున్నాం.

అన్నీ మార్చిన మూడో రోజు తెల్లవారుజామున ఐడీ ఆ పాత హద్దు దాటింది. "అక్కా, కొత్త వరుస పడింది" అని మా జూనియర్ ఫోన్ చేసింది. కళ్లు చెమర్చాయి.